"సరే" అంటే ఏ అర్థంలో?
సహోద్యోగుల మధ్య నమ్మకం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే బాధ కనిపించింది. "నా పని నేను సరిగ్గానే చేస్తున్నాను, అయినా పక్కవాళ్లకు నా మీద నమ్మకం కుదరడం లేదు" అని కొందరు, "వాళ్ల మాట నమ్మి దెబ్బతిన్నాను" అని కొందరు రాశారు. ఒక్కో ఉత్తరం చదువుతుంటే మోసం, బద్ధకం కనబడిన చోట్లు చాలా తక్కువ. ఒకరు నమ్మకానికి గుర్తుగా చూసేది ఇంకొకరి కంటికి ఆనడం లేదు. అంతకన్నా కష్టమైన సంగతి, కొన్నిసార్లు అదే పని అవతలివాళ్లకు అవమానంగా తోస్తోంది.

ప్ర: వేరే దేశంలో ఉన్న సహోద్యోగితో నాలుగు నెలలుగా పని చేస్తున్నాను. ఒక్క గడువూ తప్పలేదు. అయినా ముఖ్యమైన సమాచారం అందరికీ తెలిశాక ఆఖరున నాకు చెబుతారు. కాల్ మొదలవగానే ఇంట్లో ఎలా ఉన్నారు, ఆరోగ్యం ఎలా ఉంది అని అడుగుతారు. నేను ఒక్క ముక్కలో జవాబు చెప్పి పనిలోకి వెళతాను. ఇంకా ఏం చేస్తే నన్ను నమ్ముతారు?

జ: ఆ "ఒక్క ముక్క" దగ్గరే చిక్కు పడింది. ఆ కబుర్లు మీకు పనికి ముందు వచ్చే లాంఛనం. ఆయన మాత్రం వాటిలోనే మిమ్మల్ని తూచి చూసుకుంటున్నారు: కష్టం వస్తే ఈ మనిషి నా పక్కన నిలబడతాడా, తన తప్పు నా మీదకు తోస్తాడా, నేను చెప్పింది కడుపులో దాచుకుంటాడా? మీరు ముక్తసరిగా ముగించిన ప్రతిసారీ ఆయనకు తూచడానికి ఏమీ మిగలడం లేదు.

సహోద్యోగుల మధ్య నమ్మకాన్ని పరిశోధకుడు డానియల్ మెకాలిస్టర్ 1995లో రెండు రకాలుగా విడదీసి చూపించారు. ఒకటి లెక్క చూసుకుని కుదిరే నమ్మకం: పని వచ్చు, వేళకు ఇస్తాడు, ఇంతవరకు చెడగొట్టలేదు. రెండోది మనసు కలిసి కుదిరే నమ్మకం: నా మేలు కోరతాడు, ఇబ్బంది చెప్పుకుంటే వింటాడు. రెండూ అన్ని చోట్లా ఉన్నవే. అవి ఒకదానితో ఒకటి ఎంతగా పెనవేసుకుంటాయన్నది మాత్రం మారుతుంది. రాయ్ చువా, మైకేల్ మోరిస్, పాల్ ఇంగ్రామ్ 2009లో చైనా మేనేజర్లనూ అమెరికన్ మేనేజర్లనూ పోల్చారు. చైనా మేనేజర్లలో ఈ రెండూ ఎక్కువగా ముడిపడి ఉన్నాయని తేలింది. అలా ముడిపడిన చోట మనసు కలవకపోతే పనిమంతుడన్న పేరు కూడా పూర్తిగా లెక్కలోకి రాదు. మీ నాలుగు నెలల గడువులన్నీ ఒక ఖాతాలోనే జమ అయ్యాయి. రెండో ఖాతా ఇంకా తెరవలేదు.

ఆరు వారాలు ఇలా చేసి చూడండి. వారానికి ఒక కాల్‌లో మొదటి 10 నిమిషాలు ఏ అజెండా లేకుండా వదిలేయండి. 30 నిమిషాల కాల్ అయితే దాన్ని 40 నిమిషాలు చేయండి. పని సమయంలోంచి కోసిస్తే మీ చూపు గడియారం మీదకే పోతుంది, అది అవతలివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. అడిగినదానికి మూడు నాలుగు వాక్యాల్లో జవాబు చెప్పండి. వాటిలో ఒక్కటైనా నిజంగా మీ సంగతి తెలిపేది కావాలి. "బాగానే ఉన్నానండీ" అంటే తలుపు వేసినట్టే. "ఈ వారం నిద్ర చాలడం లేదండీ, పిల్లవాడికి పరీక్షలు" అంటే వచ్చే వారం అడగడానికి ఆయన చేతికి ఒక కొస అందుతుంది. ఆయన చెప్పిన కబుర్లలోంచి ఒకటి గుర్తుపెట్టుకుని తర్వాతి కాల్‌లో మీరే ఎత్తండి. మూడో వారం దాటాక చిన్న సాయం అడగండి, ఆయనకు 15 నిమిషాలు పట్టేది చాలు. ఎప్పుడూ ఏమీ అడగని మనిషిని చూస్తే, తనను ఎవరూ ఏమీ అడగకుండా జాగ్రత్తపడుతున్నాడేమో అనిపిస్తుంది. సాయం అడిగితే ఆ అనుమానం తీరుతుంది.

దీంట్లో మూడు పొరపాట్లు మామూలుగా జరుగుతాయి. రెండో కాల్‌కే "మరి ఆ సమాచారం నాకు ముందే చెప్పొచ్చుగా" అని అడిగేస్తారు, దాంతో అంతవరకు నడిచిన కబుర్లన్నీ ఎర వేసినట్టు కనిపిస్తాయి. ఆయన మీతో చెప్పుకున్న ఇంటి సంగతిని నలుగురిలో చనువుగా ప్రస్తావిస్తారు, అది ఒక్కసారి జరిగితే చాలు, ఆరు వారాల శ్రమ పోతుంది. ఇక మూడోది, చనువు పెరిగింది కదా అని గడువులు సడలించడం. రెండు ఖాతాలూ నిండాలి, ఒకదాన్లోంచి తీసి రెండోదాన్లో వేస్తే లాభం లేదు.

ఇదే ప్రశ్నను అటువైపు నుంచి రాసినవాళ్లూ ఉన్నారు: "నేను ఎంత ఆప్యాయంగా పలకరించినా అవతలివాళ్లు నేరుగా పనిలోకి దిగుతారు, మనసులో ఏదో పెట్టుకున్నట్టున్నారు" అని. ఏమీ పెట్టుకుని ఉండరు. వాళ్లు మొదటి ఖాతా చూసేవాళ్లు. కాల్ అయిన గంటలోపు ఐదు వరుసల్లో ఏం అనుకున్నామో రాసి పంపండి, చెప్పిన తేదీకి ఒక రోజు ముందు పని ఇవ్వండి, అనుకోని అడ్డంకి వస్తే గడువు రోజు దాకా ఆగకుండా తెలిసిన రోజే చెప్పండి. ఇలా నెల రోజులు గడిస్తే వాళ్ల పలకరింపులోనూ వెచ్చదనం వస్తుంది, కాకపోతే వాళ్లకది చివర్లో వస్తుంది.

ప్ర: మా టీమ్‌లో ఒకరిని "శుక్రవారానికి అవుతుందా?" అంటే "సరే, అవుతుంది" అంటారు. శుక్రవారం సాయంత్రం చూస్తే సగం కూడా ఉండదు. ఇది మూడోసారి. అబద్ధం చెబుతున్నట్టేగా?

జ: అబద్ధమని తేల్చేముందు మీ ప్రశ్నను ఒకసారి చూసుకోండి. "అవుతుందా?" అంటే మర్యాదగా చెప్పగలిగే జవాబు ఒక్కటే ఉంది. కొన్ని సంస్కృతుల్లో అర్థమంతా మాటలోనే ఉండాలని చూస్తారని, మరికొన్నిటిలో సందర్భమే సగం అర్థం చెబుతుందని మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లో వివరించారు. రెండో తరహాలో పెరిగినవాళ్ల "సరే"కు కనీసం నాలుగు అర్థాలుంటాయి: మీరు చెప్పింది విన్నాను, మీ మాట కాదనలేను, ప్రయత్నిస్తాను, తప్పకుండా చేస్తాను. మీకు నాలుగోది వినబడింది. వాళ్లు అన్నది మొదటి మూడింటిలో ఏదో ఒకటి. మొహమాటం అన్న మాట తెలిసిన మనకు ఇది కొత్త సంగతి కాదు, ఆఫీసులో గడువు మీద పడేసరికి మరిచిపోతాం, అంతే.

ఆ "సరే" ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. నిజంగా చేయబోయేవాళ్లు దాదాపు ఎప్పుడూ ఒక ప్రశ్న వేస్తారు: ఏ ఫైల్ వాడాలి, ఎంత వివరంగా కావాలి, ఎవరికి పంపాలి? ప్రశ్న ఏదీ రాకుండా ఒక క్షణం ఆగి వచ్చిన "సరే", "చూద్దామండీ", "కొంచెం కష్టమే గానీ..." అనేవన్నీ కాదనడానికి దగ్గరి చుట్టాలు. "గానీ" తర్వాత మాట ఆగిపోయిందంటే అక్కడ మీరు ఆగి, "గానీ అన్నారు, ఏమిటో చెప్పండి" అని అడగాలి. వాళ్లంతట వాళ్లు ఆ వాక్యం పూర్తి చేయరు.

ఇక మీరు అడిగే తీరు. అవును, కాదు అని తేల్చాల్సిన ప్రశ్న అడగకండి. "దీంట్లో ముందు ఏ భాగం మొదలుపెడతారు?" అనండి. "దీనికోసం ఇప్పుడు చేతిలో ఉన్న ఏ పని పక్కన పెడదాం?" అనండి. "ఈ శుక్రవారమా, వచ్చే బుధవారమా, మీకు ఏది వీలు?" అనండి. రెండు తేదీలు ఇచ్చినప్పుడు రెండోది ఎంచుకున్నా ఎవరి మాటా కాదన్నట్టు ఉండదు, కాబట్టి నిజమైన తేదీ బయటికొస్తుంది. ఇదంతా ఇద్దరే ఉన్నప్పుడు అడగాలి. నలుగురి ముందు అడిగితే మళ్లీ ఆ పాత "సరే" వస్తుంది.

పెద్ద పని అయితే మొదటి ముక్కను త్వరగా చూడండి. 10 రోజుల పనికి రెండో రోజు సాయంత్రానికి ఒక పేజీయో, ఒక పట్టికయో, ఎంత చిన్నదైనా చేతికి రావాలి. సగం దగ్గర, అంటే ఐదో రోజు, చూడటమన్నది చాలామంది అలవాటు, అదే వాళ్లను ముంచుతుంది. రెండో రోజు చిక్కు బయటపడితే దాని పేరు సందేహం, నోరు విప్పి అడగొచ్చు. ఎనిమిదో రోజు బయటపడితే దాని పేరు వైఫల్యం, అప్పటికి ముఖం చెల్లని స్థితి వస్తుంది, దాంతో శుక్రవారం సాయంత్రం దాకా నీళ్లు నములుతూ గడిపేస్తారు.

మూడు పనులు ఇలా నడిపి చూశాక కూడా ఏమీ మారకపోతే ఇక సంస్కృతి పేరు ఎత్తకండి. పని భారం ఎక్కువై ఉండాలి, పని రాకపోయి ఉండాలి, లేదా నిర్లక్ష్యం. వాటి మందు వేరు.

ప్ర: కొత్త విభాగానికి మారబోతున్నాను. అక్కడివాళ్లు బయటివాళ్లను అస్సలు నమ్మరని చెబుతున్నారు. కొన్ని సంస్కృతుల్లో మనుషులు ఎవరినీ నమ్మరన్నది నిజమేనా?

జ: అలా అనిపించేలా లెక్కలున్నాయి. 1981 నుంచి నడుస్తున్న ప్రపంచ విలువల సర్వేలో "చాలామందిని నమ్మవచ్చా, లేక మనుషులతో ఎంతో జాగ్రత్తగా ఉండాలా?" అన్న ప్రశ్న ఉంది. జవాబులు దేశానికీ దేశానికీ చాలా తేడాగా వస్తాయి. ఆ ప్రశ్నలోని "చాలామంది" అన్న మాటకే అన్నిచోట్లా ఒక అర్థం లేదని యాన్ డెల్హే, కెనెత్ న్యూటన్, క్రిస్టియన్ వెల్జెల్ 2011లో చూపించారు. కొన్ని చోట్ల ఆ మాట వినగానే మనసులోకి ఎవరో తెలియని జనం వస్తారు, మరికొన్ని చోట్ల తెలిసినవాళ్లే వస్తారు. కాబట్టి నమ్మకం ఉందా లేదా అన్నదాని కన్నా, ఆ నమ్మకం ఎంత దూరం వరకు పాకుతుందన్నది మీకు పనికొచ్చే ప్రశ్న.

జపాన్‌లో సామాజిక మనస్తత్వవేత్త తోషియో యమగిషి చేసిన పని ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. 1994లో మిదోరి యమగిషితో కలిసి జపనీయులనూ అమెరికన్లనూ పోల్చినప్పుడు, ముక్కూమొహం తెలియని మనుషుల మీద నమ్మకం అమెరికన్లలోనే ఎక్కువ కనిపించింది. జపనీయులు ఒకరితో ఒకరు అంత చక్కగా పని చేసుకుంటారు కదా, ఇదేమిటనిపిస్తుంది. యమగిషి నమ్మకాన్నీ భరోసానూ వేరు చేశారు. ఏళ్ల తరబడి తెంచుకోలేని సంబంధంలో ఉన్నవాడు మోసం చేస్తే తనకే నష్టం, కాబట్టి చేయడు, అది భరోసా. అలాంటి రక్షణ ఏదీ లేకపోయినా మనిషి మంచివాడే అయి ఉంటాడనుకోవడం నమ్మకం. మీరు వెళ్లే విభాగం భరోసా మీద నడిచేది అయితే, అక్కడ మీకు తెగితే నష్టపోయే సంబంధం ఒక్కటీ లేదు. మీరు ఎంత మంచివారైనా వాళ్లు ఆగి చూస్తారు.

దీనికి దారి మధ్య మనిషి. మసాకి యుకి బృందం 2005లో గమనించినది ఇదే: అవతలి గుంపులో తమకు తెలిసినవాళ్లు ఉన్నారంటే, ఆ గుంపు నుంచి వచ్చిన కొత్తమనిషి మీద కూడా నమ్మకం పెరుగుతుంది, ఆ పెరుగుదల అమెరికన్లలో కన్నా జపనీయుల్లో ఎక్కువ. మీకూ వాళ్లకూ తెలిసిన ఒకరిని వెతకండి. ఆ మనిషి హోదా కన్నా, ఆ విభాగంలో ఆయన మాటకున్న విలువ ముఖ్యం. ఈమెయిల్ ఒకటి రాయించుకుని ఊరుకోకండి, మొదటి కలయికలో 15 నిమిషాలు ఆయన పక్కనే ఉండాలి. పరిచయం కూడా ఫలానా పని చెప్పి చేయాలి. "చాలా మంచివారండీ" అంటే గాలిలో కలిసిపోతుంది. "పోయిన ఏడాది మా ఖాతాల్లో తేడా వస్తే రెండు రాత్రులు కూర్చుని సరిచేశారు, ఎవరి మీదా నెట్టలేదు" అంటే విన్నవాళ్లకు గుర్తుంటుంది. పదిహేను రోజుల తర్వాత ఆ మధ్య మనిషికి పనులెలా సాగుతున్నాయో చెప్పండి. ఆయన తన మాటను మీ కోసం పణంగా పెట్టారు, మీరు అక్కడ చేసే ప్రతి పొరపాటూ ఆయన ఖాతాలోనూ పడుతుంది.

ప్ర: సహోద్యోగికి పంపిన ఈమెయిల్‌లో మేనేజర్‌ని కాపీలో పెట్టాను. ఎప్పుడూ చేసేదే. అప్పటినుంచి ఆమె నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

జ: మీకు అది రికార్డు. ఆమెకు అది ఫిర్యాదు. మాటే కట్టుబాటుగా నడిచే చోట రాతకు దిగడమంటే "నీ మాట చాలదు" అన్నట్టు, పైవాళ్లను కాపీలో పెట్టడమంటే సాక్షిని పిలిచినట్టు. ఇక మీదట ముందు మాట్లాడండి, తర్వాత "మనం అనుకున్నదే ఇద్దరం మరిచిపోకుండా రాస్తున్నాను" అంటూ ఆమెకు ఒక్కరికే పంపండి. మేనేజర్‌కి తెలియాల్సింది ఉంటే ఆ సంగతి ఆమెకు చెప్పే పంపండి. ఇప్పుడు జరిగినదానికి మళ్లీ ఈమెయిల్ రాయొద్దు, ఫోన్ చేయండి.

ప్ర: నేను టీమ్ లీడ్‌ని. "తప్పు కనిపిస్తే ఎవరైనా చెప్పొచ్చు, నా తలుపు తీసే ఉంటుంది" అని ఎన్నిసార్లు చెప్పినా మీటింగ్‌లో ఎవరూ నోరు విప్పరు. తర్వాత వసారాలో మాత్రం అంతా మాట్లాడుకుంటారు. నా మీద నమ్మకం లేకనా?

జ: మీ మీద అనే కన్నా మీ కుర్చీ మీద అనండి. సంస్కృతుల మధ్య తేడాలను కొలిచిన డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1967 నుంచి 1973 మధ్య ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన 1,16,000కు పైగా ప్రశ్నాపత్రాలను విశ్లేషించి, అధికారంలో ఉన్న ఎచ్చుతగ్గులను కిందివాళ్లు ఎంత సహజంగా తీసుకుంటారన్నది సంస్కృతిని బట్టి బాగా మారుతుందని చూపించారు. పైవాళ్లకూ కిందివాళ్లకూ మధ్య ఆ దూరం ఎక్కువగా ఉన్న చోట పైవాడి తప్పు నలుగురిలో చెప్పడమంటే ధైర్యం అనరు, మర్యాద తెలియకపోవడం అంటారు. తలుపు తీసి ఉన్నా గడప దాటాల్సింది కిందివాళ్లే కదా. ఆ భారం మీరు మోయాలి.

మీటింగ్‌లో మీ అభిప్రాయం చివర్న చెప్పండి. ముందు చెబితే ఇక మిగిలిన సమయమంతా దానికి తలలూపడమే. ప్రశ్న తెర మీద పెట్టి, ఐదు నిమిషాలు ఎవరికి వారు కాగితం మీద రాసుకోనివ్వండి. తర్వాత ఇద్దరిద్దరుగా కలిసి మాట్లాడుకుని "మా ఇద్దరికీ అనిపించింది" అంటూ చెప్పమనండి. ఒక్కడి మాటగా బయటికి రానిది ఇద్దరి మాటగా వస్తుంది. వయసులో, ఉద్యోగంలో చిన్నవాళ్లు ముందు చెప్పాలి, పెద్దవాళ్లు చెప్పాక చిన్నవాళ్లు ఎదురు చెప్పరు. "దీంట్లో ఏమైనా తప్పుందా?" అని అడిగితే లేదంటారు. "ఈ ప్లాన్ మూడు నెలల్లో పాడైందనుకుందాం, ఎందుకు పాడై ఉంటుంది? ఒక్కొక్కరు రెండు కారణాలు రాయండి" అంటే తప్పు వెతకడం వాళ్లకు అప్పగించిన పని అవుతుంది. ధిక్కారమన్న భయం పోతుంది.

వీటన్నిటికన్నా బరువైనది, మొదటి చేదు మాట వచ్చినప్పుడు మీ ముఖం. ఎవరో ఒకరు తెగించి "ఈ లెక్క తప్పండీ" అంటారు. గదిలో అందరి కళ్లూ అప్పుడు మీ మీదే ఉంటాయి. కనుబొమ్మ ముడిపడినా, "అది నాకు తెలుసు" అన్నా, వివరణ మొదలుపెట్టినా ఆ తలుపు ఏడాది పాటు మూసుకుంటుంది. చెప్పినది రాసుకోండి, ఒక ప్రశ్న అడగండి, వారంలోపు దాని మీద ఏం చేశారో అదే మీటింగ్‌లో చెప్పండి. ఏమీ చేయలేకపోతే ఎందుకో చెప్పండి.

ఒక హెచ్చరిక కూడా. ఇలా మొదలుపెట్టాక తప్పుల సంఖ్య పెరిగినట్టు కనిపిస్తుంది. పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాలను చూసినప్పుడు, మందుల విషయంలో మంచి బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడ వాటిని దాచకుండా చెప్పుకునేవారన్నది ఆమె తేల్చిన కారణం. రెండు నెలలకే అంకెలు చూసి కంగారుపడి పాత పద్ధతికి వెళ్లిపోకండి.

ప్ర: మాది ఆరుగురి టీమ్, మూడు దేశాల్లో ఉన్నాం. ఎప్పుడూ కలవలేదు. నేను మెసేజ్ పెడితే ఒక్కోసారి రెండు రోజులు జవాబు ఉండదు. లెక్కలేదనే అనుకోవాలా?

జ: అనుకోకండి, కానీ మీరు అనుకోవడం సహజమే. దూరాన ఉన్న బృందాలను కేథరిన్ క్రామ్టన్ పరిశీలించి 2001లో రాసినదాని ప్రకారం, మౌనానికి లెక్కలేనన్ని అర్థాలుంటాయి: ఒప్పుకుంటున్నాను, అస్సలు ఒప్పుకోను, ఊళ్లో లేను, ఎలా చెప్పాలో తెలియడం లేదు, జవాబు కావాలనుకోలేదు, మెసేజ్ చూడనే లేదు. అవతలివాళ్ల పరిస్థితి కంటికి కనిపించదు కాబట్టి మనం ఆ మౌనాన్ని వాళ్ల స్వభావానికి అంటగడతాం. అక్కడ పండుగ సెలవని తెలిస్తే ఆ మాట అనం.

ముఖం చూడకుండా మొదలైన టీమ్‌లో తొలి రోజుల్లో ఒక నమ్మకం అప్పుగా దొరుకుతుంది. డెబ్రా మేయర్సన్, కార్ల్ వైక్, రోడరిక్ క్రేమర్ 1996లో దీన్ని వివరించారు: పరిచయం పెరిగే దాకా ఆగే తీరిక లేనప్పుడు, టీమ్‌లో ఆ మనిషికున్న పాత్రను చూసి నమ్మేస్తాం. ఆ అప్పు పెళుసైనది. దాన్ని నిలిపేది జవాబుల్లో క్రమం తప్పకపోవడం. ఎంత త్వరగా జవాబు వస్తుందన్నది దాని తర్వాతి సంగతి. ఎప్పుడూ మరునాడు మధ్యాహ్నానికి జవాబిచ్చే మనిషి మీద నమ్మకం కుదురుతుంది. ఒకసారి రెండు నిమిషాల్లో, ఒకసారి మూడు రోజులకు ఇచ్చే మనిషి మీద కుదరదు.

ఒక కాల్‌లో ఆరుగురూ కూర్చుని ఈ కొన్ని ఒప్పందాలు రాసుకోండి. మామూలు మెసేజ్‌కి ఒక పనిదినంలోపు కనీసం "చూశాను, గురువారం చెబుతాను" అన్న వరుస రావాలి. అత్యవసరమైతే ఏ దారిలో చెప్పాలో ఒక్కటే దారి పెట్టుకోండి. జవాబు కోరే మెసేజ్‌లో ఎవరి నుంచి, ఏ తేదీకి అన్నది మొదటి వరుసలోనే ఉండాలి. ఆరుగురికి కలిపి "మీ అభిప్రాయం?" అని పెడితే ప్రతివాళ్లూ ఇంకెవరో చెబుతారనుకుంటారు. ప్రతివాళ్లూ తమ సెలవులు, రోజులో దొరకని గంటలు ఒకే క్యాలెండర్‌లో వేయాలి. కాల్ వేళను వంతులవారీగా మార్చండి. ప్రతిసారీ ఒకే దేశంవాళ్లు అర్ధరాత్రి మేలుకుంటుంటే, వాళ్లు పైకి ఏమీ అనకపోయినా టీమ్‌లో తమ విలువెంతో వాళ్లకు అర్థమవుతుంది.

ప్ర: ఫలానా దేశంవాళ్లు ముక్కుసూటిగా మాట్లాడతారని, ఫలానావాళ్లు అనరని చార్టులు దొరుకుతున్నాయి. వాటిని చూసి మెలగవచ్చా?

జ: తొలి అంచనాకు వాడండి, అంతవరకే. ఆ అంకెలు దేశాల సగటులు. సగటును తెచ్చి ఒక మనిషికి తొడగకూడదని హాఫ్‌స్టెడ్ స్వయంగా హెచ్చరించారు. మనిషిలో దేశంతో పాటు వృత్తి, వయసు, అంతకుముందు పని చేసిన సంస్థ కూడా మాట్లాడతాయి. చార్టు చూసే బదులు మనిషినే అడగడం మేలు: "నా పనిలో తప్పు కనిపిస్తే నాకు ఎలా చెప్పాలనుకుంటారు? మీకు నేను ఎలా చెబితే బాగుంటుంది?" మొదటి నెలలో ఈ రెండు ప్రశ్నలూ అడిగితే చాలా అపార్థాలు మొదలే కావు.

ప్ర: నా తప్పు వల్ల సహోద్యోగి క్లయింట్ ముందు మాట పడ్డారు. సారీ చెప్పాను. "పర్లేదు" అన్నారు గానీ ముభావంగానే ఉన్నారు. ఇంకేం చేయాలి?

జ: ముందు మీ సారీ ఆయనకు ఏమని వినబడిందో చూడాలి. విలియం మాడక్స్, పీటర్ కిమ్, తెత్సుషి ఒకుమురా, జీన్ బ్రెట్ 2011లో జపనీయులనూ అమెరికన్లనూ పోల్చారు. అమెరికన్లకు క్షమాపణ ఎక్కువగా "తప్పు నాదే" అని ఒప్పుకోవడం. జపనీయులకు అది జరిగినదానికి బాధపడుతున్నానని చెప్పడం, తప్పు తమది కాకపోయినా చెబుతారు. మీరు "ఒప్పుకున్నాను, అయిపోయింది" అనుకున్నారు. ఆయన తన పరువు గురించి మీరేమంటారో అని చూస్తూ ఉండవచ్చు. రెండూ చెప్పాలి.

ఇద్దరే ఉన్నప్పుడు, వీలైతే ఎదురుగా కూర్చుని, ఈ వరుసలో చెప్పండి: ఏం చేశాను, దానివల్ల మీకేమైంది, మళ్లీ జరగకుండా ఏం మార్చాను. "పాత ఫైల్ పంపింది నేనేనండీ. క్లయింట్ ముందు మీరు మాట పడాల్సి వచ్చింది, అది నాకు చాలా బాధగా ఉంది. పంపేముందు తేదీ చూసే పని ఇప్పుడు చెక్‌లిస్టులో పెట్టాను." అంతే. కారణాలు అడిగితేనే చెప్పండి. "కానీ" అన్న మాట వచ్చిందంటే ముందు చెప్పినదంతా కొట్టుకుపోతుంది.

తర్వాత, పరువు పోయిన చోటే దాన్ని నిలబెట్టాలి. క్లయింట్ ముందు పోయినది గదిలో చెప్పిన సారీతో తిరిగి రాదు. ఆయన అనుమతి అడిగి, క్లయింట్‌కి రెండు వాక్యాలు రాయండి: పొరపాటు మీది, ఆయనది కాదు. అనుమతి తప్పనిసరి, కొందరికి ఆ సంగతి మళ్లీ ఎత్తడమే ఇంకో అవమానం.

తప్పు ఏ రకమన్నది కూడా చూసుకోండి. పీటర్ కిమ్ బృందం 2004లో చేసిన ప్రయోగాల్లో, చేతకాకపోవడం వల్ల జరిగినదానికి తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పడం బాగా పనిచేసింది. నిజాయితీని శంకించిన సందర్భంలో అదే క్షమాపణ ఎదురు తిరిగింది: "అంటే నిజంగా చేశాడన్నమాట" అనుకున్నారు. అందుకని పొరపాటుకు వెంటనే ఒప్పుకోండి. మీరు చేయని మోసం మీ మీద పడితే మాత్రం గొడవెందుకని సారీ చెప్పేయకండి, ఆధారాలు చూపించి కాదని చెప్పండి.

"పర్లేదు" అన్నాక రోజూ సారీ చెప్పడం కూడా మానండి. ప్రతిసారీ మిమ్మల్ని ఓదార్చాల్సిన పని ఆయన మీద పడుతోంది. వచ్చే మూడు ఫైళ్లు పంపేటప్పుడు, తేదీ సరిచూశానని ఒక వరుస రాసి, గడువుకు ఒక రోజు ముందు ఆయన చేతికి ఇవ్వండి.